గుగ్గిళ్ళు సరే, నీళ్ళ సంగతేమిటి?

ఎమ్.ఆర్. కేరీ 2014లో వెలువరించిన ‘ద గర్ల్ విత్ ఆల్ ద గిఫ్ట్స్’ నవల చదివినవాళ్ళు చివరికొచ్చేసరికి రెండు జట్లవుతారు. ముగింపు చెప్పకుండా దీని గురించి మాట్లాడుకోలేం కాబట్టి ఇంకా చదవనివాళ్ళు మన్నించాలి. ఒక శిలీంధ్రం మనుషుల మెదళ్ళలో చేరి, వాళ్ళను ఆకలి తప్ప మరేమీ తెలియని నడిచే దేహాలుగా మార్చేసిన ఇంగ్లండు అది. కథానాయిక మెలనీకి పదేళ్ళు. ఆమె ఒంట్లోనూ ఆ శిలీంధ్రం ఉంది, కానీ ఆమె ఆలోచిస్తుంది, ప్రశ్నలడుగుతుంది, గ్రీకు పురాణకథలంటే చెవి కోసుకుంటుంది. అలాంటి పిల్లల్ని సైన్యం ఒక స్థావరంలో ఉంచి, కాళ్ళూ చేతులూ తలా చక్రాల కుర్చీలకు బిగించి, పాఠాలు చెప్పిస్తుంటుంది. వాళ్ళ మెదళ్ళు కోసి మందు కనిపెట్టాలని డాక్టర్ కాల్డ్‌వెల్ చూస్తుంది. వాళ్ళకు పాఠం చెప్పే మిస్ జస్టినో అందుకు అడ్డుపడుతుంది. స్థావరం కూలిపోయాక సార్జెంట్ పార్క్స్ వెంట వీళ్ళందరూ లండన్ దారి పడతారు. అక్కడ శిలీంధ్రం బూడిదరంగు గోడలా పెరిగి ఉంటుంది. దానికి నిప్పు తగిలితే కాయలు పగిలి, బీజాలు గాలిలో కలిసి, మిగిలిన మనుషులకు కూడా ఆ గతే పడుతుంది. మెలనీ ఆ గోడను తగలబెట్టిస్తుంది. మనుషుల కాలం అయిపోతుంది, మెలనీలాంటి పిల్లల కాలం మొదలవుతుంది. ఘోరం చేసిందని ఒక జట్టు, ఇంతకు మించిన న్యాయం లేదని ఇంకో జట్టు. రెండు జట్లూ ఒకే ప్రశ్న అనుకుని వాదించుకుంటున్నవి నిజానికి రెండు వేరువేరు ప్రశ్నలు. వాటిని విడదీసే పద్ధతి మన ఆపద్ధర్మ చర్చల్లో ఎప్పటినుంచో ఉంది.

ముందు జాంబీ అనే కల్పనలోని కిటుకు చూడాలి. శవం లేచి నడవడం మనకు కొత్త కాదు. విక్రమార్కుడి భుజాన వేలాడిన శవాన్ని చందమామ చదివి పెరిగిన ప్రతివాడూ ఎరుగును. కానీ ఆ శవంలోని బేతాళుడు కథ చెబుతాడు, ధర్మసందేహం అడుగుతాడు, తెలిసీ జవాబివ్వకపోతే తల పగులుతుందంటాడు. జాంబీ ఏమీ అడగదు. అడగదు గనకే దాని తల పగలగొట్టడానికి ఎవరూ వెనకాడనక్కర్లేదు. పాఠకుడి చేతికి నెత్తురంటకుండా ఎంత హత్యాకాండనైనా చూపించవచ్చు. 2021 ఫిబ్రవరిలో ప్రశాంత్ వర్మ ‘జాంబీ రెడ్డి’ విడుదలైనప్పుడు రాయలసీమ ఫ్యాక్షన్‌కు ఈ సరుకు అంత సులువుగా అతుక్కుపోవడానికీ కారణం ఇదేననుకుంటాను. ఎదుటి వర్గంలో మనిషి కనబడకపోవడమే ఫ్యాక్షన్‌కు పెట్టుబడి. కేరీ చేసిందల్లా జాంబీని మళ్ళీ బేతాళుణ్ణి చెయ్యడం. మెలనీ అడుగుతుంది. అడిగే దేహాన్ని ఏం చెయ్యాలో అప్పటిదాకా రాసిపెట్టుకున్న ఏ నియమమూ చెప్పలేదు.

నవల తొలి భాగంలో ఒక దృశ్యం ఉంది. ఆ స్థావరంలో అందరూ మనిషి వాసన బయటికి రాకుండా ఒంటికి ఒక జెల్ రాసుకుంటారు. మెలనీ తల నిమిరినందుకు జస్టినోకు బుద్ధి చెప్పాలని పార్క్స్ తరగతి గదిలోకొచ్చి, ముంజేతి మీద ఉమ్మేసి, ఆ జెల్ రుద్ది తుడిచి, ఒక పిల్లవాడి ముఖం ముందు చెయ్యి పెడతాడు. అంతవరకూ కుదురుగా కూర్చున్నవాడు పళ్ళు పటపటలాడిస్తూ కట్లు తెంచుకోబోతాడు. చూశారా, ఇది పిల్లాడు కాదు అన్నది పార్క్స్ నిరూపణ. చాలామంది పాఠకులు దాన్ని అలాగే ఒప్పుకుంటారు. కానీ అదే నవలలో తర్వాత మెలనీకి తన ఆకలేమిటో తెలిసొస్తుంది. టీచరు వాసన తగిలితే తాను ఏమవుతుందో అర్థమవుతుంది. అప్పుడు నోటికి కట్టే జాలీని, చేతులకు వేసే సంకెళ్ళను తనకు తానే ఒప్పుకుంటుంది. ఆకలి ఉండడం మృగత్వానికి నిదర్శనమైతే ఆకలిని ఎరిగి నోరు కట్టించుకోవడం దేనికి నిదర్శనం? దీన్ని ఇంద్రియ నిగ్రహమనడానికి మన శాస్త్రాలేవీ అడ్డు చెప్పవు. పార్క్స్ నిరూపించింది పిల్లాడికి ఆకలి ఉందనే. మనసు లేదని కాదు.

కథానాయిక ఆడపిల్ల కావడం పాఠకుల తీర్పును ఇంకో రకంగా తప్పుదారి పట్టిస్తుంది. ప్రళయం తర్వాతి కథల్లో కథానాయకుణ్ణి బతికాడా లేదా అని చూస్తారు, కథానాయికను జాలి మిగిలిందా లేదా అని చూస్తారు. జాలి చూపితే మెతకదంటారు, తెగిస్తే రాయంటారు. తెలుగు భయానక నవలల్లో మనకు బాగా అలవాటైన చిన్నపిల్ల యండమూరి ‘తులసిదళం’లోని తులసి. ఆ పిల్ల మీద క్షుద్రప్రయోగం జరుగుతుంది, ఆమె కోసం పెద్దవాళ్ళు పోరాడతారు. మెలనీ అలా మంచాన పడి ఉండే పిల్ల కాదు, పనులు చేసే పిల్ల. పైగా ఈ నవలలో అందరికంటే కఠినురాలైన కాల్డ్‌వెల్ ఆడది, పోనుపోను కరిగేవాడు పార్క్స్ అనే సిపాయి. జాలి కొలబద్ద ఇక్కడ ఎందుకూ పనికిరాదు. ఇక్కడ అడగాల్సింది వేరు: ఆపద వచ్చినప్పుడు ఎంతవరకు నియమం తప్పవచ్చు?

మహాభారతం శాంతిపర్వంలో భీష్ముడు ధర్మరాజుకు చెప్పిన విశ్వామిత్రుడి కథ ఈ ప్రశ్నకు అందరూ ఎత్తే ఉదాహరణ. పన్నెండేళ్ళ అనావృష్టి. ఆకలికి తాళలేక ఋషి చండాలవాడలోకి వెళ్ళి, రాత్రివేళ కుక్క తొడ దొంగిలించబోతాడు. ఇంటివాడు మేలుకుంటాడు. అప్పుడు జరిగే వాదం చిత్రమైనది: ధర్మం మాట్లాడేవాడు చండాలుడు, మినహాయింపు అడిగేవాడు మహర్షి. బతికుంటే కదా ధర్మం చెయ్యడానికి అని ఋషి, నీవంటివాడు తినకూడనిది తింటే లోకం ఏమవుతుందని ఆ ఇంటివాడు. చివరికి ఋషి మాంసం పట్టుకుపోతాడు. దేవతలకు నివేదన చేస్తుండగా వాన కురుస్తుంది. కాబట్టి ఆపదలో ఏది చేసినా చెల్లుతుందని సారాంశం తీసేవాళ్ళున్నారు. ధర్మరాజుకే ఆ భయం పట్టుకుంది, కథ విని ఆయన కలతపడ్డాడని భారతమే చెబుతోంది. నాకు మాత్రం ఆ కథలో వాన కంటే వాదం ముఖ్యం. ప్రాణం పోతున్న మనిషి, చేతికందిన తిండి ముందు నిలబడి, మనుషుల లెక్కలో లేడని ఊరంతా అనుకునేవాడికి జవాబు చెప్పుకున్నాడు. తీసుకోవడానికి అనుమతి దొరికిందో లేదో కానీ, ఎవరి దగ్గర తీసుకుంటున్నాడో వాడికి సంజాయిషీ చెప్పకుండా తప్పించుకోలేదు. ఇక ఉన్న ఒక్క తొడా పోగొట్టుకున్నవాడు ఆ రాత్రి ఏం తిన్నాడో కథ చెప్పదు. అది దాని లోటే.

ఇంతకంటే సూటిగా హద్దు గీసినవాడు ఛాందోగ్యోపనిషత్తులోని ఉషస్తి చాక్రాయణుడు. కురుదేశంలో పంటలన్నీ నాశనమైనప్పుడు ఆయన భార్యతో సహా ఏనుగుల మావటీల ఊళ్ళో తలదాచుకున్నాడు. గుగ్గిళ్ళు తింటున్న ఒక మావటిని తనకూ పెట్టమన్నాడు. నేను తింటున్నవి తప్ప వేరే లేవన్నాడు మావటి. అవే పెట్టమని తీసుకుని తిన్నాడు. ఇవిగో నీళ్ళు కూడా అంటే, ఎంగిలి నీళ్ళు నేను తాగనన్నాడు. గుగ్గిళ్ళు మాత్రం ఎంగిలి కావా అని మావటి నిలదీశాడు. అవి తినకపోతే ప్రాణం నిలిచేది కాదు, నీళ్ళు నాకు కావలసిన చోట దొరుకుతాయి అన్నాడు ఉషస్తి. ఎంగిలి పట్టింపు అన్న ఆచారాన్ని ఈరోజు మనం నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. ఆ వాదంలోని కొలత మాత్రం తీసుకోదగింది. ఆపద తాను ఎంత తప్పనిసరి చేసిందో అంతవరకే మినహాయింపు ఇస్తుంది, ఆ పక్క గింజ దగ్గర ఆగిపోతుంది. ఆ కథలో ఎవరూ పట్టించుకోని ఇంకొకావిడ ఉంది, ఉషస్తి భార్య. భర్త తెచ్చిన మిగులు గుగ్గిళ్ళను, తనకు అప్పటికే భిక్ష దొరికింది గనక, తినకుండా దాచింది. మర్నాడు రాజు చేసే యజ్ఞానికి బయల్దేరబోతూ ఆయన కడుపులో వేసుకున్నది వాటినే. ప్రళయం తర్వాతి కథానాయిక కోసం వెతికేవాళ్ళకు మన దగ్గరా ఒకావిడ ఉంది, కాకపోతే ఆవిడకు రెండు మూడు వాక్యాలకు మించి చోటివ్వలేదు.

ఇప్పుడు మెలనీ దగ్గరికి. ఆమె చేసినవి రెండు పనులు. మొదటిది, ఇతరుల మందు కోసం తన మెదడు కోయించుకోవడానికి ఒప్పుకోకపోవడం. ఇవి గుగ్గిళ్ళు. ఒప్పుకోకపోతే తప్ప ఆమె బతకదు, బతకాలనుకున్నందుకు ఆమెను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. ఇతరుల కోసం తమ ఒళ్ళిచ్చిన దధీచిని, శిబిని మనం కొలుస్తాం. కానీ వాళ్ళు తమంతట తాము ఇచ్చారు. కుర్చీకి కట్టేసి తీసుకున్నదాన్ని త్యాగమనరు. రెండో పని, గోడకు నిప్పు. దీనికి ఆమె కారణం నవలలో స్పష్టంగానే ఉంది: పాతమనుషులు మిగిలినంతకాలం ఈ పిల్లల్ని వేటాడుతూనే ఉంటారు, యుద్ధం ఆగదు. అంటే రేపు జరగబోయేదాని లెక్క మీద ఈరోజు చంపడం. కాల్డ్‌వెల్ కత్తి పట్టింది కూడా సరిగ్గా ఆ లెక్కతోనే. చావుకు దగ్గరపడిన కాల్డ్‌వెల్ తాను కనుక్కున్నదంతా ఎవరికైనా చెప్పుకోవాలని తపించి, వినడానికి మెలనీ తప్ప ఎవరూ లేక ఆ పిల్లకే చెబుతుంది. కోసి చూడాల్సిన వస్తువనుకున్నది ఆఖరికి శ్రోత అయింది. ఆ మర్యాద మెలనీ కూడా చూపించాల్సింది. ఎక్కడెక్కడో ఉన్న మిగతా మనుషుల్ని అడగడం ఆమె వల్ల కాదు. జస్టినోను అడగవచ్చు. అడగలేదు. ప్రాణప్రదంగా ప్రేమించిన టీచరుకు మిగిలింది గాలి చొరబడని బండి, ఒంటికి రక్షణ తొడుగు, ఎదురుగా కొత్త తరగతి.

పదేళ్ళ పిల్ల కదా, ఇంత లెక్క ఆమె నుంచి ఆశించడం అన్యాయం కాదా అని అడగవచ్చు. శిక్ష గురించైతే ఒప్పుకుంటాను. కానీ పని మంచిదా చెడ్డదా అన్నది చేసినవాళ్ళ వయసును బట్టి మారదు. పైగా నోరు కట్టించుకున్నప్పుడు ఆమె వివేకాన్ని మెచ్చుకుని, నిప్పు పెట్టించినప్పుడు పసితనాన్ని అడ్డం వెయ్యడం కుదరదు. ఇంకో ఆక్షేపణ దీనికంటే బరువైనది: ఆమె భయం ఉత్తది కాదు, సైన్యం ఆ పిల్లల్ని నిజంగానే పట్టి కోసింది, అలాంటప్పుడు దెబ్బ పడేదాకా ఆగమనడం బలవంతుల నీతి. దీనికి నా దగ్గర పూర్తి సమాధానం లేదు. ఎదిరించడానికి, దాక్కోవడానికి, మీదికొచ్చినవాణ్ణి కొట్టడానికి ఆ భయం సరిపోతుంది. ఒక జాతిలో మీదికి రానివాళ్ళనూ, పుట్టబోయేవాళ్ళనూ కలిపి తుడిచెయ్యడానికి మాత్రం చాలదు. పట్టి కోసింది కొందరు, ఆ నిప్పు చేరింది అందరినీ.

ఒట్టి కాలక్షేపపు నవలకు ఉపనిషత్తులు దేనికని కూడా అంటారు. అలాంటివాళ్ళు 2020 మార్చి చివర నల్లగండ్ల, తెల్లాపూర్, గచ్చిబౌలి ప్రాంతాల గేటెడ్ కమ్యూనిటీలను ఒకసారి గుర్తుచేసుకోవాలి. లాక్‌డౌన్ రాగానే పనిమనుషులకు, డ్రైవర్లకు, ఇస్త్రీవాళ్ళకు గేట్లు మూసుకున్నాయి. అది గుగ్గిళ్ళ బాపతు. వైరస్ సంగతి ఎవరికీ తెలియని రోజుల్లో తలుపు మూసుకోవడం తప్పు కాదు. కానీ మూసిన గేటుకు ఆవల ఉన్నావిడ నెల జీతం సంగతి? రాకుండా ఆపింది మనం, రాలేదని కోసుకున్నదీ మనమే అయితే అది నీళ్ళ బాపతు. జాగ్రత్త పేరు చెప్పి పనివాళ్ళు వేరే లిఫ్టులోనే రావాలని పెట్టిన బోర్డులు జబ్బు పోయాక కూడా ఎక్కడైనా వేలాడుతుంటే, అవీ అంతే. నల్లగండ్ల పక్కనే ఉన్న లింగంపల్లి స్టేషన్ నుంచి ఆ ఏడాది మే 1 తెల్లవారుజామున సుమారు 1,200 మంది వలస కార్మికులతో జార్ఖండ్‌లోని హటియాకు రైలు బయల్దేరింది. లాక్‌డౌన్‌లో చిక్కుబడ్డ కార్మికుల కోసం దేశంలో నడిచిన మొదటి ప్రత్యేక రైలు అదే. వాళ్ళు కంది దగ్గర ఐఐటీ నిర్మాణపు పనుల్లో ఉన్నవాళ్ళు. ఇళ్ళకు పంపమని, రావలసిన జీతాలు ఇవ్వమని ఏప్రిల్ 29న అక్కడి కార్మికులు ఆందోళనకు దిగారు. నోరు విప్పి అడిగేదాకా ఆ భవనాలు కట్టేవాళ్ళు నగరం కంటికి ఆనలేదు. జాంబీ కథలో నోరులేని గుంపును ఎంత తేలిగ్గా లెక్కలోంచి తీసేస్తామో గమనించడం కాలక్షేపం కాదు.

అందుకని ఈ నవల మీద నా తీర్పు రెండు ముక్కలుగానే ఉంటుంది. కాల్డ్‌వెల్ కత్తి కింద పడుకోనన్న మెలనీ పక్షం నేను. గోడకు నిప్పు పెట్టించిన మెలనీ పక్షం కాదు. ఆమెను వెనకేసుకొచ్చేవాళ్ళు గానీ తిట్టిపోసేవాళ్ళు గానీ ఆ చివరి అధ్యాయాలు మరోసారి తెరిచి, జస్టినో కళ్ళతో చదివి చూడండి.