సాటివాని సాయము

ప్రతిసంవత్సరము మొహరము మాసమున నెల్లూరు పట్టణమందలి స్వర్ణాల చెరువు గట్టున, బారాషహీదు దర్గాయొద్ద, రొట్టెల పండుగ జరుగును. మతభేదము లేక వేలకొలది జనులు ఆ చెరువు నీటిలో దిగి నిలిచి రొట్టెలు మార్చుకొందురు. ఆరోగ్యము కోరువారు ఆరోగ్యపు రొట్టెను, సంతానము కోరువారు సంతానపు రొట్టెను, ఉద్యోగము కోరువారు ఉద్యోగపు రొట్టెను అడిగి పుచ్చుకొందురు. ఈ యాచారమునందు మమ్ము మిక్కిలి ఆలోచింపజేసినది ఒక్క నియమము. రొట్టె నిచ్చువాడు ధనికుడు కానక్కఱలేదు, పండితుడు కానక్కఱలేదు. వెనుకటి సంవత్సరమున అదే కోరికతో అదే నీటిలో నిలిచి చేయి చాచినవాడై యుండవలెను. కోరిక నెఱవేరినవాడు మరల వచ్చి, ఇంకను కోరుచున్నవానికి రొట్టె నిచ్చును. ఇచ్చువానికిని పుచ్చుకొనువానికిని నీటిలోతు సమానమే.

రొట్టెవలన కోరికలు తీఱునా, తీఱవా యను చర్చకు మేమిచ్చట పూనుకొనము. ఆ నియమమున దాగియున్న నీతిని మాత్రము ఒక కఠినమైన ప్రశ్నకు అన్వయింపదలచితిమి. మతి చలించి, ఇల్లు విడిచి, వీథులపాలైన మనుష్యునికి సాయపడదగినవాడెవడు? దయగల గృహస్థుడా, వైద్యుడా, ప్రభుత్వమా? వీరందఱును కావలసినవారే. కాని వీరితోపాటు వేఱొకడు కావలెననియు, వాడు లేనియెడల తక్కినవారి శ్రమ సగము వ్యర్థమగుననియు మాయభిప్రాయము. వాడెవడనగా, ఒకప్పుడు అదే వ్యాధిచేత అదే వీథిలో పడియుండి కోలుకొన్న సాటివాడు.

మొదట మన తీరమున కన్నులయెదుట నున్న సంగతిని చూతము. చెన్నపట్టణమునుండి విజయవాడకు పోవు రైలుమార్గము సూళ్లూరుపేట, గూడూరు, నెల్లూరు, కావలి మీదుగా తీరమునకు దాపుగా సాగును. ఏ దూరదేశముననో బండి యెక్కిన మతిచెడినవాడు టిక్కెట్టు లేదని యెచ్చట దింపబడునో అచ్చటనే నిలిచిపోవును. వాని భాష హిందీయో, ఒరియాయో, వంగభాషయో అయినయెడల మనవారి కది గొణుగుడుగా దోచును. తెలియని మాటను వెఱ్ఱిమాటయని తీర్మానించుట మనకు సులభము. మన తెలుగు స్త్రీయే కేరళమునందో మహారాష్ట్రమునందో ఇట్లు దింపబడెనేని, ఆమె తెనుగును అచ్చటివారికి అట్లే దోచునుగదా!

అట్టివారిని చూచుటకు మనకు రెండు చూపులే యలవాటైనవి. ఒకటి రోత, రెండవది భక్తి. నెల్లూరు మండలమున నాగులవెల్లటూరున బుట్టి, పిచ్చి వెంకయ్య యని పిలువబడి, ఊరూర దిరిగిన యొక పురుషుడు తరువాత గొలగమూడి వెంకయ్యస్వామి యయ్యెను. 1982వ సంవత్సరమున ఆయన సమాధి చెందెను. నేటికిని వేలకొలది భక్తులు ఆయనను గొలుచుచున్నారు. ఆయన మహిమను గూర్చి వాదించుట మాయుద్దేశము కాదు. లోకముయొక్క నడవడి నొక్కదానినే గమనింపుడని కోరుచున్నాము. ఒకే మనుష్యుని లోకము మొదట వెఱ్ఱివాడనెను, పిదప స్వామి యనెను. ఈ రెండు మాటల నడుమ "మనవంటివాడు" అను మాటకు చోటు లేకపోయెను. స్వామి కాజాలని తక్కిన వెఱ్ఱివారి గతి యేమి? వారికి రోతయే మిగులుచున్నది.

ఈ దోషమును పరుల కంటగట్టి మేము తప్పించుకొనజాలము. మాయింటి వీథి మలుపున చింతచెట్టు క్రింద ఒక స్త్రీ చాలకాలము కూర్చుండెడిది. రాత్రి మిగిలిన యన్నమును ఆకులో బెట్టి ఆమె ముందుంచుట మాకు నిత్యకృత్యము. అందులకు మాకు లోలోపల కొంత తృప్తియు నుండెడిది. ఒకనాడు చుట్టపుచూపుగా వచ్చిన బంధువుల బాలిక "ఆమె పేరేమి?" అని యడిగెను. మేమెఱుగము. నెలల తరబడి యన్నము పెట్టిన మేము పేరడుగనైనలేదు. కొలదిదినములకు ఆమె ఆ చెట్టు క్రింద కనబడలేదు. వెదకుదమన్నను ఏ పేరు చెప్పి వెదకుదుము? నాడు మాకు దెలిసినది: మేము పెట్టినది ఆకలికి మాత్రమే, ఆమెకు కాదు.

ఇళ్లున్నవారి పాట్లును వేఱు. వైద్యము దెలియక, తెలిసినను వ్యయమునకు జడిసి, తల్లిదండ్రులు బిడ్డను దర్గాకో గుడికో తోడ్కొని పోవుదురు. ఈ జిల్లాలోని అనుమసముద్రంపేట దర్గాయొద్ద అట్టివారిని నిద్రచేయించుట అందఱెఱిగినదే. ఆ తల్లుల విశ్వాసమును పరిహసించుట సంస్కారము కాదు. అచ్చట వారికి తమవంటి తల్లులు మఱికొందఱు కనబడుదురు, తమ దుఃఖమును చెప్పుకొందురు. అదియు నొక యోదార్పే. కాని విశ్వాసము పేర సంకెల వేయుటను మాత్రము సహింపరాదు. తమిళదేశమున రామనాథపురము జిల్లాలోని ఏర్వాడి దర్గా సమీపమున, ఒక ప్రైవేటు ఆశ్రయమున, 2001వ సంవత్సరము ఆగస్టు 6వ తేదీ తెల్లవాఱుజామున పాకకు నిప్పంటుకొనెను. అందున్న రోగులు గొలుసులతో కట్టబడియుండిరి. 28 మంది మరణించిరి. వారిని చంపినది నిప్పు మాత్రమే కాదు, పాఱిపోనీయని సంకెల.

ఇట్టి ఘోరములవలన దేశము కొంత నేర్చుకొన్నది. 1912 నాటి చట్టము వీరిని నిర్బంధింపదగినవారినిగా నెంచెను; 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము హక్కులుగల పౌరులనుగా నెంచుచున్నది. దీనిచొప్పున రోగిని గొలుసుతో కట్టుట నిషిద్ధము. వీథులలో తిరుగుచున్న మనోరోగి కనబడినయెడల పోలీసువారు లాకప్పులో నుంచరాదు. 24 గంటలలోగా ప్రభుత్వ ఆసుపత్రికి చేర్పవలెను. తప్పిపోయినవారి జాబితా క్రింద ఫిర్యాదు నమోదుచేసి కుటుంబమును వెదకవలెను. ఇల్లులేనివారికి ప్రభుత్వ వైద్యము ఉచితము. ఇల్లు లేదను కారణముచేతనో, కుటుంబము రానీయదను కారణముచేతనో ఎవరిని ఆసుపత్రిలోనే యుంచివేయరాదని కూడ ఈ చట్టము చెప్పుచున్నది.

చట్టము మంచిది. కాని చట్టము మనుష్యుని ఆసుపత్రి ద్వారము వఱకు తీసికొనిపోగలదు. లోనికి పోవుటకు వాడు సమ్మతింపవలెనుగదా! మన రాష్ట్రమందలి పెద్ద మానసిక వైద్యశాల విశాఖపట్టణమున, నెల్లూరికి సుమారు 600 కిలోమీటర్ల దూరమున నున్నది. ఏండ్లకొలది తన్నులును తిట్లును తినినవాడు, తెల్లకోటును చూచినను కాకిదుస్తులను చూచినను ఒకేరీతిగా జడియును. మందు కోలుకొనుటకు దారి తీయును, నిజము. కాని ఆ మందు వలన చేతులు వణకును, నోరెండును, మగత క్రమ్మును. వైద్యుడు "కొన్నాళ్లు ఓర్చుకొనుము" అనును. రోగి మనస్సున "నీకేమి తెలియును?" అని యనుకొనును. ఇచ్చటనే సాటివాడు కావలసివచ్చుచున్నాడు. "నాకును చేతులు వణకెను. వైద్యునితో చెప్పగా మోతాదు తగ్గించెను. మందు నీయంతట నీవు మానకుము, నేను మానితిని, మరల వీథిని బడితిని" అని వాడు చెప్పిన మాటకు గల బలము పుస్తకమునకు లేదు.

పాశ్చాత్యులు పీర్ సపోర్టు అను పేర నడుపుచున్న పని యిదియే. సాటివాడు వైద్యుడు కాడు, మందు లీయడు. రోగి ప్రక్కన కూర్చుండును, ప్రశ్నల వర్షము కురిపింపడు, రెండవనాడును వచ్చును. ఆసుపత్రికి తోడుపోవును. ఆధారు కార్డు, బ్యాంకు ఖాతా, పింఛను వంటివానికి ఏ కచ్చేరిలో ఎవరి నడుగవలెనో చూపును. నిద్ర తగ్గుట, మాట తగ్గుట వంటి గుర్తులు కనబడినప్పుడు వ్యాధి తిరుగబెట్టుచున్నదని ముందుగా పోల్చును. అన్నిటికంటె ముఖ్యముగా, కోలుకొనుట సాధ్యమని వాడు వాదింపడు. వాని యునికియే అందులకు సాక్ష్యము.

ఇది నేటి క్రొత్త వింత కాదు. ప్యారిస్ నగరమునకు దాపుననున్న బిసేత్రు ఆసుపత్రిలో ప్యూస్సేన్ అను తోళ్లు పదునుచేయు పనివాడు మొదట గండమాల రోగియై చేరెను. నయమయిన పిదప అచ్చటనే కొలువు చేసి, ఉన్మాదుల విభాగమునకు పర్యవేక్షకుడయ్యెను. 1797వ సంవత్సరమున అచ్చటి రోగుల సంకెలలు తీయించినవా డతడే. కోలుకొన్నవారినే సేవకులుగా నియమించుట అతని పద్ధతి. వారు రోగులను కొట్టరని అతడెఱుగును.

మనకు దాపుననే, చెన్నపట్టణమున, 1993వ సంవత్సరమున వందనా గోపికుమార్, వైష్ణవీ జయకుమార్ అను ఇద్దఱు యువతులు వీథులపాలైన మనోరోగిణులకై బాన్యన్ అను సంస్థను నెలకొల్పిరి. ఆశ్రయము, వైద్యము, ఇల్లు చేర్చుట వారి మొదటి పని. కాని ఇల్లు లేనివారును, ఇంటివారు రానీయనివారును మిగిలిపోయిరి. అట్టివారు నలుగురైదుగురు కలిసి సాధారణమైన వీథిలో అద్దెయింట, వంట చేసికొనుచు, సంతకు పోవుచు, ఇరుగుపొరుగులతో మెలగుచు బ్రతుకు ఏర్పాటును ఆ సంస్థ నడుపుచున్నది. కోలుకొన్నవారిలో కొందఱు తామే సిబ్బందియై యితరులకు తోడ్పడుచున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021వ సంవత్సరమున వెలువరించిన మార్గదర్శకమున ఈ యేర్పాటును మంచి మాదిరిగా నుదాహరించెను.

దీనిపై వచ్చు ఆక్షేపణలు తేలికవి కావు. బాధపడినంతమాత్రమున ఒకడు పరులకు దారి చూపగలడా యని కొంద ఱడుగుదురు. చూపలేడు. బాధ కొందఱిని మెత్తపఱచును, కొందఱిని మొద్దుపఱచును. కనుక శిక్షణము కావలెను. తన కథనే పదేపదే చెప్పుట సాయము కాదని, ఎదుటివాని కథను వినుటయే సాయమని నేర్పవలెను. ఈ పనిలో వాని వ్యాధియే తిరుగబెట్టదా యని మఱికొంద ఱడుగుదురు. తిరుగబెట్టవచ్చును. వైద్యుడు జ్వరపడుట లేదా? సెలవిచ్చి, నయమైన పిదప మరల పనిలో చేర్చుకొనవలెను. మూడవ ఆక్షేపణ మాదే. "సాటివాడవుగదా, సేవచేయుము" అని చెప్పి జీతము లేక పని చేయించుకొనుట యొక సరిక్రొత్త దోపిడి. అనుభవము విద్యయైనప్పుడు ఆ విద్యకు వెల యుండవలెను. జీతము వానికి భిక్ష కాదు. వాడును మనవలె పనివాడే యనుటకు గుర్తు.

సాటివారి మాటకు గల శక్తిని ఈ జిల్లా యొకమాఱు దేశమునకు చూపినది. 1992వ సంవత్సరమున దూబగుంట స్త్రీలు సారాయంగడిని మూయించినప్పుడు వారికి బోధించినది పట్టణమునుండి వచ్చిన యుపన్యాసకులు కారు. రాత్రిబడిలో అక్షరములు నేర్చుకొనుచు, ఒకతె తన యింటి దుఃఖమును చెప్పగా, "నా యింటను అంతే" అని వేఱొకతె పలికినది. ఆ "నా యింటను అంతే" అను మాటనుండియే ఉద్యమము పుట్టినది. 1993వ సంవత్సరము అక్టోబరు 1వ తేదీని రాష్ట్రమున సారా నిషేధింపబడెను.

కాని సాటివాడు చేయగల పని యెక్కడికో పోయి నిలిచిపోవును. అచ్చట మన పని యారంభమగును. వాడు రోగిని ప్లాట్‌ఫారము మీదినుండి ఆసుపత్రికిని, ఆసుపత్రినుండి కోలుకొనుటకును తోడ్కొనిరాగలడు. కాని మన వీథిలోనికి తోడ్కొనిరాలేడు. ఆ తలుపు మనచేత నున్నది. కోలుకొన్న నలుగురు స్త్రీలు వచ్చి, అద్దె ముందుగా చెల్లించి, మన యింటి వెనుకభాగము నడిగిరనుకొందము. ఇత్తుమా? "మాకు అభ్యంతరము లేదు, ఇరుగుపొరుగువారే ఏమనుకొందురో" అని చెప్పుట మన మందఱము నేర్చిన నేర్పు. 1881వ సంవత్సరమున రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు తొలి వితంతు వివాహము జరిపించినప్పుడును, లోలోపల మెచ్చుకొని బహిరంగముగా విందుకు రాని పెద్దమనుష్యులు పలికిన మాట యిదియే. సంస్కారము సభలలో పుట్టవచ్చును. దాని పరీక్ష మాత్రము వాకిటను, వంటయింటను జరుగును.

మనమందఱమును అద్దెయిండ్లు గలవారము కాకపోవచ్చును. మన దుకాణమున ఒక పని యీయగలము. కోలుకొని తిరిగివచ్చిన పొరుగింటి బిడ్డను పెండ్లిపేరంటములకు పిలువగలము. "పిచ్చివాడు" అను మాటను మన పిల్లల నోట తిట్టుగా రానీయకుండ చూడగలము. ఏదియు చేయజాలనివారు వీథిలో కూర్చున్నవారికి అన్నము పెట్టునప్పుడు, రెండు నిమిషములు అచ్చటనే కూర్చుండి పేరడుగవచ్చును. వారు చెప్పకపోవచ్చును, మఱునాడు మరల అడుగవచ్చును. పేరు తెలిసిననాడు పోలీసువారికిని, ఆసుపత్రికిని, దూరమున వెదకుచున్న యొక తల్లికిని కబురంపుటకు మార్గ మేర్పడును. మేము నాడు చేయక పోగొట్టుకొన్నది ఆ రెండు నిమిషముల పని.