మరకయు మాలిన్యమును

శుభ్రము చేయుట సత్కార్యమని యెల్లరు నంగీకరింతురు. పాత్ర తోమువానిని, వీధి యూడ్చువానిని, దురాచారమును ఖండించువానిని మనము ఒక్క కోవకే చేర్చి మెచ్చుకొందుము. అయినను శుభ్రము చేయ బూనినవాడు ముందుగా ఒక ప్రశ్న వేసికొనవలెను: ఈ మురికి యెవరిది? ప్రశ్న వింతగా తోచవచ్చును. గత వేసవి సెలవులలో ఒక రేడియో గుడ్డను ఉతుకువరకు నాకును ఇది తోచలేదు.

మా యింట తాతగారినాటి రేడియో యొకటి కలదు. నున్నని కొయ్యపెట్టె, లోపల గాజు వాల్వులు, ముందు స్పీకరునకు తెరగా గోధుమవన్నె నూలుగుడ్డ, ఆ గుడ్డలో అక్కడక్కడ బంగారువన్నె పోగులు. విజయవాడలో ఆకాశవాణి కేంద్రము 1948 డిసెంబరు 1వ తేదీన ప్రారంభమయ్యెను. అటుపిమ్మట పదియేండ్లకు ఈ పెట్టె మా గ్రామమునకు వచ్చెనని నాన్నగారు చెప్పుదురు. నాకు బుద్ధి తెలిసిననాటినుండి అది అటకమీదనే మూగయై యుండెను. ఒక పనివాడు లోపలి కండెన్సర్లను మార్చి దానిని మరల పలికించెను. పలికెనే గాని మాట మందముగా నుండెను. శ, ష, స లను విద్యార్థులచే వేర్వేరుగా పలికింప ఇరువదియేండ్లుగా పాటుపడుచున్న నాకు, ఆ మూడును ఒక్క బుసగా వినబడుట దుస్సహమయ్యెను. ఊష్మాక్షరముల బలము చాలవరకు హెచ్చు స్థాయి ధ్వనులలో నుండును. దళసరి గుడ్డ గాని, దుమ్ముతో పూడిన గుడ్డ గాని మొట్టమొదట హరించునది ఆ ధ్వనులనే. లోపము కొంత పాత స్పీకరుదే కావచ్చును; అయినను నా యనుమానము గుడ్డమీద నిలిచెను.

పని నేనే చేయ నిశ్చయించితిని. ప్లగ్గు తీసివేసినను వాల్వు రేడియోలోని కండెన్సర్లు కొంతసేపు విద్యుత్తును నిలుపుకొనును గావున ఒక దినమాగి వెనుక అట్టను విప్పితిని. స్పీకరు శంకువు కాగితముతో చేసినది. పనిముట్టు జారినచో చిరుగును. దానిని విడదీసి, అట్టముక్క కప్పి దూరముగా నుంచితిని. గుడ్డ యొక పలుచని చెక్కకు వడ్రంగి జిగురుతో అంటింపబడి యుండెను. గోరువెచ్చని తడిబట్టను అంచులపై నుంచి, జిగురు నానినకొలది అంగుళ మంగుళముగా ఊడదీసితిని. ఊడిన గుడ్డను పెదవులకడ పట్టి ఊదితిని. ఒకచోట గాలి దాటనే లేదు. అచ్చట అరచేయంత నల్లని జిడ్డుమరక యుండెను.

తెల్లని దూదిని తడిపి కనబడని మూలను అద్ది, రంగు దిగదని తెలిసికొని, పలుచని కుంకుడురసములో గుడ్డను పరచి యుంచితిని. రుద్దలేదు, పిండలేదు. రుద్దిన పోగులు తెగును. పిండిన నేత వంకరపోవును. మరక తేలికగా వదలలేదు; మూడుమారులు నీరు మార్చితిని. నీడను ఆరవేసి, పైన వేరొక బట్ట కప్పి మెల్లగా ఇస్త్రీ చేసి, పడుగు పేకలు చెక్క యంచులకు సూటిగా నుండునట్లు చూచి, నాలుగు వైపుల నడిమి భాగములను మొదట లాగి యంటించి, మూలలను కడపట ముగించితిని. స్పీకరును బిగించి నాబు త్రిప్పగా, ఆ యక్షరములు మూడును గాకున్నను రెండైనను విడివిడిగా వినవచ్చెను. నా యానందమునకు మేర లేదు.

ఎనుబదియేండ్ల నాన్నగారు పడకకుర్చీ విడిచి వచ్చి, గుడ్డవైపు కొంతసేపు చూచి, "అమ్మ చెయ్యి ఏదిరా?" అనిరి.

నాకు బోధపడలేదు. అప్పుడు చెప్పిరి. మా నాయనమ్మకు నడివయస్సుననే వినికిడి పోయెను. ఇల్లంతయు రేడియోచుట్టు చేరినప్పుడు ఆమెయు వచ్చి కూర్చుండి, తలకు కొబ్బరినూనె రాచుకొనిన చేతినే ఆ గుడ్డపై ఆనించెడిదట. అదురు అరచేతికి తెలియును గదా! మాట యేదో పాట యేదో ఆ యదురునుబట్టి చెప్పెడిది. 1964 మే 27వ తేదీన నెహ్రూ మరణించిననాడు, ఎవరును తెలుపకముందే, "ఇవాళ మాటలు లేవేమిరా, ఏడుస్తున్నట్టుంది" అని యడిగెనట. ఆమె ఫోటో యొకటైనను మా యింట లేదు.

నేను తర్కము చదువుకొన్నవాడను. అన్నంభట్టు తర్కసంగ్రహమున కారణమును బోధించుచు గైకొనిన యుదాహరణము గుడ్డయే. పోగులు గుడ్డకు సమవాయికారణము. పోగులను విడిచి గుడ్డ లేదు. మరక యట్లు కాదు. అది పైనుండి వచ్చి చేరిన ద్రవ్యము. దానికి గుడ్డతో గలది సంయోగమే గాని సమవాయము కాదు. సంయోగము పోయినను గుడ్డ గుడ్డగనే యుండును. ఈ వాదమున దోషము లేదు. అయినను దీనిని నాన్నగారి యెదుట చెప్పుటకు నాకు నోరు రాలేదు. శాస్త్రము తేల్చునది గుడ్డ యేది యని. ఆయన యడిగినది అమ్మ యేది యని.

అట్లయిన ఉతుకుట తప్పా? కాదు. గాలిని దాటనీయని తెర రేడియోకు తగదు. ముందుగా అడిగియుండినచో, ఆయన సరే యనియుండవచ్చును. వలదనిన, పలుచని కొత్త గుడ్డను వేసి పాతదానిని పటము గట్టించియుందును. తప్పు అడుగకపోవుటలో నున్నది. అటకమీది వస్తువు ఎవరిదియు కాదనుకొంటిని. పడకకుర్చీలోని వృద్ధునికి చెప్పవలసిన దేమియు లేదనుకొంటిని. దీనికి అజ్ఞానమని పేరుపెట్టి తప్పించుకొనలేను. తన చేతిలోని నీరు తేట యని నమ్మినవానికి ఎదుటివాని మాట అక్కరలేదనిపించును. అది అహంకారము.

ప్రతిదానికి అనుమతి వేడుచు కూర్చున్న ఏ దురాచారము తొలగును అని చదువరులు అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. 1856లో వితంతు పునర్వివాహ శాసనము వచ్చినప్పుడు దానికి ప్రతికూలముగా సంతకములు చేసినవారే అనుకూలురకన్న మిక్కిలి యెక్కువ. వారి సమ్మతికై యాగియుండిన ఆ శాసనము పుట్టియే యుండదు. ఒకరి గొంతు నొక్కు ఆచారమును తొలగించుటకు నొక్కువాని సెలవు అక్కరలేదు. అచ్చట అడుగవలసినది నొక్కబడువారిని. కాని ఎవరి గొంతును నొక్కని మరకలును లోకమున గలవు. మా రేడియో మరకవలన చెడినది నా చెవి సుఖము మాత్రమే. అట్టి చోట అడుగుటకు పట్టు కాలము ఒక నిమిషము. అడుగనందుకు కలుగు నష్టము తీరనిది. రెండు విధములైన మరకలను ఒకే కుంకుడురసములో ముంచువాడు ఎంత శుద్ధి చేసినను వివేకి కాజాలడు.

మరునాటి సాయంకాలము నాన్నగారు తామే రేడియో పెట్టుమనిరి. వార్తలు విని, "బాగా వినిపిస్తోందిరా" అనిరి. అది మెప్పో మన్నింపో నేను నిర్ణయింపలేదు. ఎండ పడినప్పుడు ఏటవాలుగా చూచినచో గుడ్డ నడుమ ఇంకను కొంచెము నలుపు కనబడుచున్నది. దానిని మరల కడుగను.