రథశిక్షణము, సారథిశిక్షణము

అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రమున పెక్కు ఉన్నత పాఠశాలలయందు వ్యాయామము, ఆరోగ్యము, మోటారు నడుపుట అను మూడు విద్యలు ఒకే శాఖ క్రింద బోధింపబడుచున్నవి. ఒక గంట బంతియాట నేర్పిన ఉపాధ్యాయుడే మరియొక గంట విద్యార్థి ప్రక్కన కూర్చుండి స్టీరింగు పట్టు తీరు నేర్పుట అచట వింత కాదు. తరగతిలో ముప్పది గంటల పాఠము, రోడ్డుమీద ఆరు గంటల అభ్యాసము అక్కడి నియమము. 1893లో సర్వమత మహాసభ జరిగిన చికాగో నగరము ఈ రాష్ట్రములోనిదే. నేడు ఆ పరిసరములలో స్థిరపడిన తెలుగు కుటుంబముల పిల్లలును ఈ తరగతులలో కూర్చుండుచున్నారు.

మన దేశపు చదువరికి ఈ కూర్పు విడ్డూరముగా తోచవచ్చును. మన హైస్కూలులో డ్రిల్లు మాస్టరు ఉండును. ఆరోగ్యపాఠము సామాన్యశాస్త్రములో ఒక మూల నుండును. మోటారు నడుపుట బడికి సంబంధించిన పనియే కాదు. కాని నిదానించి చూచినచో ఆ కూర్పునందు ఔచిత్యము లేకపోలేదు. మూడింటియందును శిష్యుని కొసగబడునది శక్తియే. వ్యాయామము కండబలము నిచ్చును. ఆరోగ్యజ్ఞానము ఆ బలమును నిలుపుకొను ఉపాయము తెలుపును. మోటారుబండి మనుష్యదేహమునకు పుట్టుకతో లేని వేగమును ప్రసాదించును. శక్తి నొసగుటతో గురువు పని తీరినదా, లేక ఆ శక్తి నేలువానిని కూడ తీర్చవలసియున్నదా? ప్రశ్న ఇది. ప్రాణములు దీనిపై ఆధారపడియున్నవి గనుక దీనిని కేవలము పండితచర్చగా త్రోసిపుచ్చుటకు వీలులేదు.

పెన్సిల్వేనియాలో 1930 దశకమున ఆమోస్ నేహార్ట్ అను ఆచార్యుడు ఉన్నత పాఠశాల విద్యార్థులకు మోటారు నడుపుట నేర్పుటకు పూనుకొనెను. ఆయన ఉద్దేశము మంచిదే. నేర్పు లేనందున ప్రమాదములు కలుగుచున్నవి, నేర్పినచో తగ్గును అని అందరును తలంచిరి. ఆ తలంపుతోనే ఆ విద్య దేశమంతట వ్యాపించినది. దానిని పరీక్షకు పెట్టినది చాలకాలము తరువాత. జార్జియా రాష్ట్రములోని డికాల్బ్ కౌంటీలో 1970 దశకము చివర ఇంచుమించు పదునారువేల మంది విద్యార్థులను చీట్లు వేసినట్లు మూడు భాగములుగా చేసిరి. ఒక భాగమునకు దీర్ఘమైన కఠిన శిక్షణ, రెండవ భాగమునకు లైసెన్సు పొందుటకు చాలినంత మాత్రమే శిక్షణ, మూడవ భాగమునకు బడిలో ఏ శిక్షణయు లేదు. దీర్ఘశిక్షణ పొందినవారియందు తొలి నెలలలో కొంత మేలు కానవచ్చినది. కాని అది నిలువలేదు. పైగా శిక్షణ పొందినవారు త్వరగా లైసెన్సు పొంది, త్వరగా రోడ్డెక్కిరి.

నార్వే దేశపు అనుభవము ఇంకను విచిత్రమైనది. మంచు పేరుకొని జారుచుండు రోడ్లమీద బండిని అదుపులో నుంచుకొను విద్యను 1979లో అచట క్రొత్త చోదకులకు విధించిరి. తరువాత లెక్క చూడగా, యువకుల విషయమున జారుడు రోడ్ల ప్రమాదములు తగ్గుటకు మారుగా పెరిగినట్లు తేలినది. బండి జారినను నిలుపగలనను ధీమా వానిని నెమ్మదిగా పోనీయలేదు. విద్య వచ్చినది, దాని వెనువెంటనే అహంకారమును వచ్చినది.

కఠోపనిషత్తులోని రథకల్పన మన వారెరిగినదే. శరీరము రథము, ఇంద్రియములు గుఱ్ఱములు, మనస్సు కళ్ళెము, బుద్ధి సారథి, ఆత్మ రథికుడు. వేదాంతము పేర దేహమును ఈసడించువారు గమనింపవలసినదేమనగా, ఉపనిషత్తు రథమును నిందింపలేదు. ఇరుసు విరిగిన రథముతో గమ్యము చేరుట ఎవనికిని సాధ్యము కాదు. కావున వ్యాయామమును ఆరోగ్యమును బోధించు ఉపాధ్యాయుడు చేయునది పవిత్రమైన పనియే. ఐనను అతని పాఠము రథమును, గుఱ్ఱములను బాగుచేయును. చక్రము త్రిప్పుట, బ్రేకు నొక్కుట అను అభ్యాసము కళ్ళెము వరకు పోవును. సారథి వరకు పోవునది ఏది?

మహాభారతమునందు శల్యుని కథ ఇచట జ్ఞప్తికి వచ్చును. అశ్వవిద్యలో శ్రీకృష్ణునకు సరిపోలగలవాడని ఎంచియే కర్ణునకు అతనిని సారథిగా కుదిర్చిరి. ఆ ఎంపికలో నేర్పునకు సంబంధించిన దోషమేమియు లేదు. కాని శల్యుని హృదయము మరియొక చోట నున్నది. యోధుని ఉత్సాహమును భంగపరతునని ధర్మరాజునకు ముందుగనే మాట ఇచ్చియున్నాడు. ఆ యుద్ధమున రెండు రథముల సారథులకును గుఱ్ఱములను తోలు విద్య సమానమే. భేదము వేరొక చోట నున్నదని వేరుగ చెప్పనక్కరలేదు.

నేర్పు మాత్రమున కార్యము సిద్ధింపలేదని చూచిన దేశములు తరువాత మరియొక మార్గము పట్టినవి. న్యూజిలాండు 1987లో, అమెరికాలో ఫ్లారిడా రాష్ట్రము 1996లో, మెట్లు మెట్లుగా లైసెన్సు నిచ్చు పద్ధతిని ప్రవేశపెట్టినవి. ఇల్లినాయ్‌లో 2008 మొదలుకొని పదునెనిమిదేండ్లు నిండని విద్యార్థి తొమ్మిది నెలలు అభ్యాసపత్రముతో నుండవలెను. పెద్దవారిని ప్రక్కన నుంచుకొని ఏబది గంటలు, అందు పది గంటలు రాత్రివేళ, నడుపవలెను. లైసెన్సు వచ్చిన పిమ్మటను కొంతకాలము రాత్రి ప్రొద్దుపోయిన తరువాత ఒంటరిగా తిరుగరాదు. తోడి పిల్లలను గుంపుగా ఎక్కించుకొనరాదు. ఈ పద్ధతి పట్టిన చోట్ల పదునారేండ్లవారి ప్రమాదములు నిజముగ తగ్గినవి. ఇందు క్రొత్త నేర్పేమియు లేదు. ఉన్నది నిగ్రహము మాత్రమే. చీకటిని, దుస్సంగమును కొంతకాలము దూరముగ నుంచుట. వేదాంత గ్రంథములు అధికారి యనెడి మాటను మొదటనే ఎత్తుకొనుటలోని మర్మమును ఆ దేశములవారు వేరొక త్రోవను వచ్చి తెలిసికొనినట్లున్నది.

చట్టమునకు జడిసి చూపు నిగ్రహము ధర్మమెట్లగును, పోలీసు కనబడని చోట అది మాయమగును గదా యని ఆక్షేపింపవచ్చును. ఆక్షేపణ న్యాయమైనదే. కాని దమము లేక శమమునకు అవకాశము తక్కువ. ఆశ్రమమున చేరిన బ్రహ్మచారియు మొదట గంట మ్రోగినందుననే లేచును, ప్రీతిచే కాదు. గంట మ్రోగకున్నను లేచు దినము తరువాత వచ్చును. కొందరికి రాకయు పోవును. బయటి నియమము లోపలి సారథికి మేలుకొనుటకు కొంత వ్యవధి నిచ్చును. అంతకు మించి అది చేయగలదని చెప్పుట అతిశయోక్తి.

ఇక మన దేశమునకు వచ్చినచో, 2022 సంవత్సరములో రోడ్డు ప్రమాదములలో మరణించినవారు 1,68,491 మంది యని కేంద్ర ప్రభుత్వమువారి లెక్క. అందు నూటికి డెబ్బదికి పైగా మరణములు అతివేగము క్రింద వ్రాయబడినవి. వేగము నేర్పులేమి కాదు. పదవ తరగతి గట్టెక్కిన కుమారునకు మోటారు సైకిలు కొనియిచ్చు తండ్రి అది వాత్సల్యమని తలంచును. 2019లో సవరింపబడిన మోటారు వాహనముల చట్టము వేరు విధముగ తలంచినది. పదునెనిమిదేండ్లు నిండని బాలుడు బండి నడిపి నేరము చేసినచో, సంరక్షకునకు మూడేండ్ల వరకు కారాగారము, ఇరువదియైదువేల రూపాయల జుల్మానా విధించుటకు అందు వీలు కలదు. తనకు తెలియకుండ, లేక తాను వారించినను జరిగినదని రుజువు చేసికొనవలసిన భారము ఆ తండ్రిదే. బిడ్డకు ఇచ్చినది బండియా, లేక బాటలో పోవు పరుల ప్రాణములపై అధికారమా యని ఆ తండ్రి ఒక్క రాత్రి కూర్చుండి ఆలోచింపవలసినది. ఆయువు గట్టిదైన ఏమియు కాదు అనెడి లోకవాక్యము ఇచట పనికిరాదు. కర్మసిద్ధాంతము తన కష్టమును ఓర్చుకొనుటకు ఉపకరించునది. ఎదుటివాని ప్రాణమును పణము పెట్టుటకు కాదు.

ఆ చికాగో సభలో భారతదేశము పక్షమున నిలిచిన వివేకానందులు బాల్యమున నరేంద్రుడై యున్నప్పుడు కలకత్తాలో నవగోపాల మిత్రుని వ్యాయామశాలకు పోవుచుండెడివారు. ఒకనాడు బాలురు బరువైన ఊగుడు దూలము నిలువబెట్టుచుండగా దారిన పోవు ఆంగ్ల నావికు డొకడు సాయము పట్టెను. దూలము జారి అతనికి తగిలి, అతడు స్మృతి తప్పి పడిపోయెను. చచ్చెనని భయపడి దాదాపు అందరును పారిపోయిరి. పారిపోయినవారును ఆ శాలలోనే కండలు పెంచినవారు, ఆ వ్యాయామములే చేసినవారు. ఒకరిద్దరు మిత్రులతో నరేంద్రుడు మాత్రము నిలిచెను. తన ధోవతి చించి గాయమునకు కట్టు కట్టి, ముఖమున నీళ్ళు చల్లి, స్మృతి వచ్చిన పిమ్మట ప్రక్కనున్న బడిలోనికి చేర్చి వైద్యుని పిలిపించెను. వారము దినములు ఉపచారము చేసిన మీదట నావికుడు కోలుకొనగా, మిత్రులవద్ద చందా ప్రోగుచేసి, ఆ పైకము అతని చేతనుంచి సాగనంపెను.