ఇల్లు వెచ్చగా ఉంచుకుంటే తృష్ణ అవుతుందా?



దీక్ష తీసుకున్నవాళ్ల ఇంటికి చుట్టపుచూపుగా వచ్చినవాళ్లు కొందరు ఓ మాట అంటుంటారు. "కోరికే దుఃఖానికి మూలమన్నాడు కదా మీ బుద్ధుడు! మరి ఈ సోఫా ఎందుకు, ఈ మెత్తటి దుప్పట్లెందుకు?" ఈ మాట మనల్నే అడుగుతారు. తరతరాలుగా పరుపుల మీద పడుకున్నవాళ్లను ఎవరూ అడగరు.

ముందు దీనికి సూటిగా జవాబు చెప్పుకుందాం. చలికి దుప్పటి కప్పుకోవడం అవసరం. అది తృష్ణ ఎలా అవుతుంది? ఒళ్లు మాడ్చుకోవడం బుద్ధుడు స్వయంగా చేసి చూసి వదిలేసిన దారి. పేదరికాన్ని పవిత్రమని పొగడడం మతం పని కాదని బాబాసాహెబ్ 1950లో రాసిన వ్యాసంలో తేల్చి చెప్పారు. కాబట్టి ఇంట్లో మంచి కంచం, మంచి దుప్పటి ఉన్నందుకు మనం సిగ్గుపడనక్కర్లేదు.

అయితే ప్రశ్న అక్కడితో తీరిపోదు. ఆ వెచ్చదనం ఎక్కడిది? ఎవరి చేతుల మీదుగా వచ్చింది? ఎవరిదాకా పోతుంది? ధమ్మం అడిగేది ఇవి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. అమెరికాలో, యూరప్‌లో ఉద్యోగాలు చేసుకుంటున్న మన పిల్లల ఇళ్లలో కంచం తిరగేసి చూస్తే, తువ్వాలు అంచు పట్టి చూస్తే, ఒక్కోసారి 'మేడ్ ఇన్ పోర్చుగల్' అని కనిపిస్తుంది. ఆకులు రాలే కాలంలో, చలి మొదలయ్యేముందు, అక్కడివాళ్లు ఇల్లు వెచ్చగా సర్దుకోవడానికి కొనేవాటిలో ఆ దేశపు కంబళ్లు, మట్టి గిన్నెలు, కార్క్ సామాన్లు ఉంటాయి.

ముందు కంబళి సంగతి. పోర్చుగల్‌లో సెర్రా ద ఎష్ట్రేలా అనే కొండ ప్రాంతం ఉంది. అక్కడ గొర్రె ఉన్నితో 'బురెల్' అనే గుడ్డ నేస్తారు. నేసిన గుడ్డను వేడినీళ్లతో తడిపి, దంచి దంచి దళసరి చేస్తారు. చలికీ వానకీ తట్టుకుంటుంది. ఒకప్పుడు అది గొర్రెల కాపరి కప్పుకునే ముతక గుడ్డ. మన గొంగడి లాంటిదే అనుకోండి. ఇవాళ అదే గుడ్డ కలవారి ఇళ్లలో సోఫాల మీదికెక్కింది. గుడ్డ అదే, చూసే కన్ను మారింది. వస్తువు విలువను, దాన్ని వాడిన మనిషి హోదాతో లెక్కగట్టడం ఎంత అన్యాయమో మనకు ఒకరు చెప్పాలా?

ఇక కార్క్. వేడి గిన్నె కింద పెట్టే బిళ్లలు, ట్రేలు దీంతో చేస్తారు. ప్రపంచంలో వాడే కార్క్‌లో దాదాపు సగం పోర్చుగల్‌దే. ఇది కార్క్ ఓక్ చెట్టు బెరడు. చెట్టును కొట్టరు, బెరడు ఒలుస్తారంతే. చెట్టుకు సుమారు 25 ఏళ్లు వచ్చాకే మొదటిసారి ఒలుస్తారు. తర్వాత కనీసం 9 ఏళ్లు ఆగాలి. ఏ ఏడు ఒలిచారో గుర్తుండడానికి మొదలు మీద ఆ సంవత్సరం చివరి అంకె రంగుతో రాస్తారు. గొడ్డలి కాస్త లోతుగా దిగితే చెట్టుకు గాయమవుతుంది. అందుకే చేయి తిరిగినవాళ్లే ఆ పని చేయాలి. పువ్వు నలగకుండా తేనె తీసుకునే తేనెటీగ పోలిక మనం ఎన్నిసార్లు వినలేదు! తృష్ణకూ అవసరానికీ తేడా ఆ చెట్టు మీద రాసిన అంకెలో ఉంది. అవసరం తొమ్మిదేళ్లు ఆగగలదు. తృష్ణ ఆగలేదు.

మూడోది మట్టి. విలా రియల్ పట్టణం దగ్గర బిజల్యాయిష్ అనే ఊరు నల్ల కుండలకు ప్రసిద్ధి. నేలలో తవ్విన ఆవంలో కుండలు కాల్చి, గాలి ఆడకుండా పైన మట్టి కప్పేస్తారు. అలా ఆ నలుపు వస్తుంది. 2016లో యునెస్కో ఈ విద్యను వెంటనే కాపాడుకోవలసిన వాటి జాబితాలో చేర్చింది. చేసేవాళ్లు తగ్గిపోయారు, కుర్రకారుకు ఆసక్తి లేదు, జనం ఫ్యాక్టరీ గిన్నెలకు అలవాటు పడ్డారు. ఈ పని అక్కడా ఎక్కువగా కుటుంబంలోనే పెద్దల నుంచి పిల్లలకు వచ్చింది.

అయ్యో, కళ పోతోందే అనిపిస్తుంది. కానీ ఒక్క నిమిషం ఆగండి. కుండలు చేసేవారి పిల్లాడు సారె వదిలి చదువుకు పోతే అది నష్టమా? కులవృత్తిని కాపాడాలనే మాట మన దేశంలో ఎవరి మెడకు చుట్టుకుందో మనకు అనుభవమే. చెప్పు కుట్టడం, డప్పు కొట్టడం గొప్ప కళలని పొగిడినవాళ్లు వాటిని తమ పిల్లలకు నేర్పించలేదు. విద్య నిలవాల్సిందే. అయితే ఇష్టమున్న ఎవరైనా నేర్చుకోగలగాలి, ఇష్టం లేనివాళ్లు వదిలి వెళ్లగలగాలి, చేసేవాళ్లకు ఇల్లు గడవాలి. అప్పుడే అది సమ్యక్ ఆజీవం. కుండను మెచ్చుకుంటూ ధర దగ్గర గీచి గీచి బేరమాడేవాళ్లు కళను కాపాడలేరు.

చివరిగా ఒక పండుగ. నవంబరు 11న పోర్చుగల్‌లో సెయింట్ మార్టిన్ రోజు. చిల్లులున్న మట్టి పాత్రలో చెస్ట్‌నట్ కాయలు కాల్చుకుని అందరూ కలిసి తింటారు. మార్టిన్ ఒక రోమన్ సైనికుడు. చలికి వణికిపోతున్న బిచ్చగాణ్ణి చూసి, కత్తితో తన పైవస్త్రాన్ని రెండుగా కోసి సగం ఇచ్చాడని కథ. అది క్రైస్తవుల కథే, అయినా మంచి ఎక్కడున్నా మంచే. అతను అంతా ఇచ్చేసి తాను వణకలేదు. అంతా ఉంచుకుని ఎదుటివాణ్ణి వణకనివ్వలేదు. మధ్యమ మార్గమంటే ఇంతకంటే తేలిగ్గా ఎలా చెప్పగలం?

కాబట్టి ఈ చలికాలం దుప్పటి కొనుక్కోండి, నిస్సంకోచంగా కప్పుకోండి. కొనేముందు నాకు ఎంత కావాలి, చేసినవాళ్లకు ఎంత అందింది, పక్కన చలికి వణుకుతున్నదెవరు అని ఆలోచించండి.

సోఫా ఎందుకని అడిగిన చుట్టం మళ్లీ వస్తే, ఆ సోఫా మీదే కూర్చోబెట్టండి. మీరు తాగే కప్పుల్లోనే టీ ఇవ్వండి. మన ఇళ్లలో రెండు గ్లాసుల పద్ధతి లేదు.

నమో బుద్ధాయ! జై భీమ్!