కనపడని పక్షపాతం: శామీర్‌పేట విద్యాప్రాంగణాల నేపథ్యంలో ఒక తాత్విక విచారం

తెలిసి చూపే వివక్ష ఒక రకం, తనకే తెలియకుండా చూపేది మరో రకం. రెండోదాన్నే కనపడని పక్షపాతం అంటున్నారు. ఎదుటివారి పేరు, యాస, రంగు, ఊరు, నడక కంటబడగానే, ఇంకా ఆలోచన మొదలు కాకముందే మనసు ఒక పక్కకు ఒరిగిపోతుంది. ఒరిగిన సంగతి ఆ మనిషికి తెలియదు. అడిగితే 'నాకు అందరూ ఒకటే' అంటాడు, నిజాయతీగానే అంటాడు. మార్కులు వేయడం, ఇంటర్వ్యూ చేయడం, జట్టులోకి తీసుకోవడం, హాస్టల్ గది పంచుకోవడం లాంటివి రోజూ జరిగే విశ్వవిద్యాలయంలో ఈ ఒరుగుడు ఊరకే పోదు, ఒకరి బతుకు మీద పడుతుంది. ఇక్కడ రెండు ప్రశ్నలు పుడతాయి. తనకు తెలియని దోషానికి మనిషి బాధ్యుడా? బాధ్యుడే అయితే, తెలియనిదాన్ని వదిలించుకునే దారేది?

హైదరాబాద్‌కు ఉత్తరాన, కరీంనగర్ వైపు వెళ్లే రాజీవ్ రహదారి మీద శామీర్‌పేట, నాగపూర్ వైపు వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి మీద మేడ్చల్ ఉన్నాయి. పాతికేళ్లుగా ఈ రెండు రోడ్ల నడుమ చదువుల ఊళ్లు వెలిశాయి. 1998లో ఏర్పడ్డ నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం శామీర్‌పేటలోని జస్టిస్ సిటీలో ఉంది. బిట్స్ పిలానీ హైదరాబాద్ క్యాంపస్ 2008లో జవహర్‌నగర్‌లో మొదలైంది. ఘనపూర్‌లో మెడిసిటీ వైద్య కళాశాల, కండ్లకోయ, మైసమ్మగూడ వైపు వరసగా ఇంజనీరింగ్ కాలేజీలు. వీటి గేట్లు ఒక్కలాంటివి కావు. నల్సార్‌లో న్యాయవిద్య ప్రవేశ పరీక్ష క్లాట్ ర్యాంకుతో పాటు రిజర్వేషన్లు ఉన్నాయి. బిట్స్‌లో బిట్‌శాట్ స్కోరే ప్రధాన కొలమానం, కులాల వారీ కోటా లేదు. ఇంజనీరింగ్ కాలేజీల్లో కన్వీనర్ కోటా, ఫీజు రీయింబర్స్‌మెంట్, మేనేజ్‌మెంట్ సీట్లు. లోపలికి ఎవరు రావాలన్నది గేటు తేలుస్తుంది. వచ్చినవారు లోపల ఎలా బతుకుతారన్నది ఏ గేటూ తేల్చదు. వైవిధ్యం గురించిన చర్చ చాలాసార్లు గేటు దగ్గరే ఆగిపోతుంది, అసలు విషయం ఆ తర్వాతే ఉంది.

లోపల మొదటి వారంలో వినిపించే ప్రశ్నలు చిన్నవి. 'ర్యాంకెంత?' 'ఫుల్ నేమ్ చెప్పు.' 'తెలుగు మీడియమా?' అడిగేవారికి ఇవి పరిచయపు మాటలు. ఇంటిపేరు చెబితే కులం తెలిసిపోతుందనీ, ర్యాంకు చెబితే కోటా తెలిసిపోతుందనీ ముందే ఎరిగినవారికి మాత్రం ప్రతిసారీ ఒక పరీక్ష. ల్యాబ్ వైవాలో ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. రికార్డు బుక్కు టేబుల్ మీద పెట్టి ఒక విద్యార్థి జారిపోయే ఇంగ్లీషులో సగం జవాబు చెబుతాడు. 'కాన్సెప్ట్ తెలుసు, కొంచెం కంగారుపడ్డాడు' అనిపిస్తుంది పరీక్షకుడికి. తర్వాత వచ్చిన విద్యార్థి 'అది గిట్ల అయితది సార్' అంటూ మొదలుపెట్టి జవాబు పూర్తిగా చెబుతాడు. 'బట్టీ పట్టినట్టున్నాడు' అనిపిస్తుంది. ఇద్దరి మధ్య తేడా మూడు మార్కులు. ఆ మూడు మార్కులకు పరీక్షకుడి దగ్గర కారణం సిద్ధంగా ఉంటుంది, దాన్ని ఆయన పూర్తిగా నమ్ముతాడు కూడా. కాళోజీ నారాయణరావు పుట్టినరోజు సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకొనే రాష్ట్రంలోనే, ఆ యాస వైవా గదిలో అడుగుపెట్టేసరికి తెలివితక్కువతనానికి గుర్తుగా మారిపోవడం బాధాకరం.

ఈ ఒరుగుడు ఉత్త ఊహ కాదని చూపిన పరిశోధనలు భారతదేశంలోనే జరిగాయి. కార్లా హాఫ్, ప్రియాంకా పాండే ఉత్తరప్రదేశ్ పల్లెల్లో బడిపిల్లల చేత చిక్కుదారుల పజిళ్లు చేయించారు. కులం బయటపెట్టనప్పుడు పిల్లల మధ్య తేడా లేదు. అందరి ముందూ పేరు, తండ్రి పేరు, కులం చదివి వినిపించాక కింది కులాల పిల్లలు చేసినవి తగ్గిపోయాయి. అంటే చూసేవారి చూపు చూడబడేవారి చేతిని కూడా కట్టేస్తుంది. 2007లో సుఖదేవ్ థోరట్, పాల్ అటెవెల్ ప్రచురించిన అధ్యయనంలో, అర్హతలు సమానంగా ఉన్న దరఖాస్తులు పేరు మార్చి ప్రైవేటు కంపెనీలకు పంపితే, దళిత, ముస్లిం పేర్లకు పిలుపులు తక్కువ వచ్చాయి. అన్నిటికన్నా ఆలోచింపజేసేది 2012లో రెమా హానా, లీ లిండెన్ ప్రచురించింది. జవాబుపత్రాల ముందు పేజీ మీద కులాన్ని చీటీ తీసినట్టు మార్చి టీచర్ల చేత దిద్దించారు. కింది కులమని రాసి ఉన్న పత్రాలకు కాస్త తక్కువ మార్కులు పడ్డాయి. తక్కువ వేసినవారు ప్రధానంగా ఆ కులాల నుంచి వచ్చిన టీచర్లే. పక్షపాతం శత్రువుల గుండెలో మాత్రమే ఉంటుందనే సులువైన నమ్మకం ఇక్కడ కూలిపోతుంది. అణచివేత తన కొలమానాన్ని అణగినవారి చేతికే ఇచ్చి వెళుతుంది.

భారతీయ తత్వశాస్త్రానికి ఈ సంగతి కొత్త కాదు. బౌద్ధంలో పిలిందవచ్ఛుడనే భిక్షువు కథ ఉంది. ఆయన రాగద్వేషాలు నశించిన అర్హంతుడు. అయినా తోటి భిక్షువులను అంటరానివారిని పిలిచే తిట్టుమాటతో పిలిచేవాడు. వారు బుద్ధుడికి ఫిర్యాదు చేశారు. అతనిలో ద్వేషం లేదనీ, ఐదువందల జన్మలు బ్రాహ్మణుడిగా పుట్టడం వల్ల నోటికి అంటిన అలవాటు అదనీ బుద్ధుడు వివరించాడని ఉదానం అనే పాళీ గ్రంథం చెబుతుంది. నాగార్జునుడి పేరుతో చైనీస్ భాషలో నిలిచిన ప్రజ్ఞాపారమితా వ్యాఖ్యానంలో కథ ఇంకొంచెం ముందుకు పోతుంది. గంగను దాటుతూ ఆయన నదీదేవతను దాసీ అని పిలుస్తాడు. ఆమె ఫిర్యాదు చేస్తే బుద్ధుడు క్షమాపణ అడగమంటాడు. పిలిందుడు చేతులు జోడించి, దాసీ, కోపం తెచ్చుకోకు అని వేడుకుంటాడు. క్షమాపణలో కూడా ఆ మాటే దొర్లింది. క్లేశం, అంటే మనసులోని మలినం, పోయినా వాసన, అంటే దాని అలవాటు ముద్ర, మిగులుతుందని ఆ గ్రంథం నిరూపించదలచింది. మంచితనం పక్షపాతానికి విరుగుడన్న నమ్మకాన్ని ఇంత సూటిగా కాదన్న కథ మరొకటి దొరకడం కష్టం. నదీదేవతకు తగిలిన దెబ్బ మాత్రం, ద్వేషం లేనంత మాత్రాన తగ్గలేదు. ఆమె ఫిర్యాదును బుద్ధుడు కొట్టిపారేయలేదన్నది ఈ కథలో తరచు మరిచిపోయే భాగం.

పద్నాలుగో శతాబ్దంలో విద్యారణ్యుడు 'జీవన్ముక్తివివేకం'లో వాసనాక్షయానికి ఒక ప్రకరణమే కేటాయించాడు. ముందువెనుకలు విచారించకుండా, గట్టిపడిన భావనతో ఒక వస్తువును పట్టుకోవడమే వాసన అన్న యోగవాసిష్ఠ గ్రంథపు నిర్వచనాన్ని ఆయన తీసుకున్నాడు. దానికి ఇచ్చిన ఉదాహరణ ఈనాటి క్యాంపస్‌ను చూసి రాసినట్టుంటుంది: ఎవరి దేశాచారం, ఎవరి కులధర్మం, ఎవరి భాష, ఆ భాషలో ఏది సరైన మాట, ఏది కాదు అన్నవాటిపై ప్రాణులకు ఉండే పట్టుదల. వైవా గదిలోని యాస చిన్నచూపు అక్కడే ఉంది. మలిన వాసనల్లో లోకవాసన, దేహవాసనలతో పాటు శాస్త్రవాసన కూడా ఉందని ఆయన లెక్కపెట్టాడు. చదువు పెరిగితే పక్షపాతం తగ్గుతుందని అనుకునేవారు ఆగి చూడవలసిన చోటిది. చదువు కూడా అంటుకుంటుంది. పన్నెండేళ్లు చదివి ఇంటికొచ్చిన శ్వేతకేతువు గర్వంతో బిగుసుకుపోయాడని ఛాందోగ్యోపనిషత్తు చెప్పనే చెప్పింది.

విద్యారణ్యుడి లక్ష్యం సన్న్యాసి మోక్షం, సామాజిక సమానత్వం కాదు. వాసన గురించి ఇంత నిశితంగా రాసిన సంప్రదాయమే వర్ణవ్యవస్థను శతాబ్దాల పాటు ప్రశ్నించకుండా మోసింది. భావన గొప్పదైనంత మాత్రాన దాన్ని దాచుకున్న ఇల్లు శుభ్రంగా ఉందని చెప్పలేం.

ఛాందోగ్యంలోనే ఒక ప్రవేశ ఇంటర్వ్యూ కూడా ఉంది. సత్యకాముడు చదువుకోవడానికి హారిద్రుమత గౌతముడి దగ్గరకు వస్తాడు. గురువు మొదటి ప్రశ్న గోత్రమేదని. తన గోత్రమేదో తల్లికే తెలియదనీ, తల్లి పేరు జబాల అనీ ఆ కుర్రవాడు ఉన్నదున్నట్టు చెబుతాడు. గురువు అతన్ని చేర్చుకుంటాడు. గురువు మనసు పెద్దదని అందరూ మెచ్చుకునే కథ ఇది, మెచ్చుకోవలసిందే. కానీ గౌతముడు చెప్పిన కారణం గమనించాలి. ఇంత నిజం చెప్పగలిగినవాడు బ్రాహ్మణుడే అయి ఉండాలన్నాడు. తలుపు తెరుచుకుంది, కొలమానం మాత్రం మారలేదు. సత్యం ఒక పిల్లవాడి గుణంగా కాకుండా ఒక కులపు లక్షణంగా లెక్కకొచ్చింది. బాగా చదివే దళిత విద్యార్థితో 'నువ్వు చూస్తే కోటా వాడిలా లేవే' అని మెచ్చుకోలుగా అనే స్నేహితుడు సరిగ్గా గౌతముడి చోటే నిలబడి ఉన్నాడు. పొగడ్తగా వచ్చిన పక్షపాతానికి ఎదురు చెప్పడం తిట్టుకు ఎదురు చెప్పడం కన్నా కష్టం.

ఇక బాధ్యత ప్రశ్న. బౌద్ధులకు చేతనే కర్మ, అంటే ఉద్దేశమే ప్రధానం. ఆ లెక్కన పిలిందుడికి పాపం అంటదు. జైనులు దీన్ని ఒప్పుకోలేదు. ఉద్దేశం లేదన్నంత మాత్రాన హింస హింస కాకుండా పోదని వాదించారు. ఉమాస్వాతి 'తత్వార్థసూత్రం' మధ్యేమార్గం చూపింది: ప్రమాదం వల్ల, అంటే ఏమరుపాటు వల్ల ప్రాణికి కలిగే హాని హింస. ఇది క్యాంపస్‌కు బాగా పనికొచ్చే నిర్వచనం. వాసన ఉండటం ఎవరి తప్పూ కాదు, అది పుట్టి పెరిగిన ఇల్లు, వీధి, బడి ఇచ్చినది. దాని గురించి ఇంత తెలిసిన తర్వాత కూడా దిద్దేముందు ఒకసారి సరిచూసుకోకపోవడం ఏమరుపాటు, అది తప్పే. మనిషిని దోషిగా నిలబెట్టకుండానే బాధ్యుడిగా నిలబెట్టే వీలు ఈ నిర్వచనంలో ఉంది.

భారతీయ చట్టం కూడా ఒక చోట ఇదే దారి పట్టింది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం వివక్షను నిర్వచిస్తూ ఉద్దేశంతో పాటు ఫలితాన్ని కూడా లెక్కలోకి తీసుకుంది, తగిన సదుపాయం ఇవ్వకపోవడాన్ని కూడా వివక్ష అంది. ఆ చట్టానికి ముందు జరిగిన మేధోకృషిలో నల్సార్‌లో వైకల్య అధ్యయన కేంద్రాన్ని నడిపిన ఆచార్య అమితా ధండా పాత్ర పెద్దది. ర్యాంపు లేని గ్రంథాలయం కట్టినవారికి ఎవరి మీదా కోపం లేదు. చక్రాల కుర్చీలో వచ్చినవారికి లోపలికి దారి మాత్రం లేదు.

నల్సార్‌లో మరో రెండు మార్పులు ఈ ఆలోచనకు ఆచరణ రూపంలా ఉన్నాయి. 2015లో ఒక విద్యార్థి కోరికపై పట్టా మీద స్త్రీపురుష భేదం చెప్పని 'మిక్స్' అనే గౌరవవాచకం ముద్రించారు. 2022లో ఒక హాస్టల్ గ్రౌండ్ ఫ్లోర్‌ను లింగభేదం లేని చోటుగా ప్రకటించి, అకడమిక్ బ్లాకులో అలాంటి వాష్‌రూమ్ కూడా కేటాయించారు. ఇవి చిన్న ఏర్పాట్లే. అయితే ఏ ఒక్కరి మనసూ మారేదాకా ఆగవలసిన అవసరం వీటికి లేదు. ఫారంలో రెండే గడులు ఉన్నంతకాలం, ఆ రెండింట్లో ఇమడని విద్యార్థి ప్రతి కౌంటర్ దగ్గరా తనను తాను వివరించుకోవాలి. మూడో గడి పెట్టిన రోజున ఆ భారం ఆఫీసు మీదికి మారుతుంది.

భాష విషయంలో పని ఇంకా మిగిలే ఉంది. క్లాట్ ఇంగ్లీషులోనే జరుగుతుంది. పేద, గ్రామీణ విద్యార్థులను న్యాయ విశ్వవిద్యాలయాలకు సిద్ధం చేయడానికి శామ్నాద్ బషీర్ 2010లో ఐడియా అనే ఉద్యమం మొదలుపెట్టాడు. అది గేటు దాటించే సాయం. లోపల మూట్ కోర్టులో వాదన బలాన్నీ ఉచ్చారణ నునుపునూ విడివిడిగా కొలవడం అధ్యాపకుల పని. రాత పరీక్షల్లో జవాబుపత్రాలకు కోడ్ వేసి పేరు దాచే పద్ధతి ఎప్పటి నుంచో ఉంది, అది ఈ సమస్యకు దొరికిన మేలైన మందుల్లో ఒకటి. ఇంటర్నల్స్, వైవా, ప్రాజెక్టు మార్కులకు ఆ తెర లేదు. అక్కడ ప్రశ్నలు ముందే రాసిపెట్టుకుని అందరినీ అవే అడగడం, ప్రతి ప్రశ్నకు మార్కులు అక్కడికక్కడే వేయడం, ఇద్దరు పరీక్షకులు ఒకరి మార్కులు ఒకరు చూడకుండా దిద్దడం చేయవచ్చు. వాసనలో ఉండదని విద్యారణ్యుడు చెప్పిన పూర్వాపర విచారణను పద్ధతిగా మార్చడం ఇదే.

ఉన్నత విద్యాసంస్థల్లో సమానత్వం కోసం యూజీసీ 2012లోనే నిబంధనలు తెచ్చింది, సమాన అవకాశాల విభాగం, వివక్ష వ్యతిరేక అధికారి ఉండాలంది. 2016 జనవరి 17న హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల మరణం తర్వాత ఆ నిబంధనలు కాగితం మీదే ఉన్నాయా అన్న ప్రశ్న దేశమంతా వినిపించింది. ఆయన తల్లి రాధిక, ముంబైలో మరణించిన వైద్య విద్యార్థిని పాయల్ తడ్వీ తల్లి ఆబెదా 2019లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఫిర్యాదు వినే మనిషి ఎక్కడ కూర్చుంటాడో, ఎన్ని రోజుల్లో జవాబిస్తాడో మొదటి ఏడాది విద్యార్థికి తెలిసినప్పుడే ఆ అధికారి ఉన్నట్టు.

ఒకరోజు వర్క్‌షాపులతో ఇది తీరుతుందన్న ఆశకు ఆధారం తక్కువ. కనపడని పక్షపాతాన్ని కొలవడానికి 1998లో వచ్చిన ఇంప్లిసిట్ అసోసియేషన్ టెస్ట్ ఎంతో పేరు తెచ్చుకుంది. కానీ ఒకే మనిషికి వేర్వేరు రోజుల్లో వేర్వేరు ఫలితాలు రావడం, ఆ స్కోరు మారినా ప్రవర్తన మారకపోవడం మీద విమర్శలు బలంగానే ఉన్నాయి. పాత గ్రంథాలు సూచించినది ఇంకొంచెం నిదానమైన దారి: మలిన వాసన మీద యుద్ధం చేయకుండా, మైత్రి, కరుణ, ముదిత, ఉపేక్ష అనే నాలుగింటినీ పదే పదే సాధన చేసి దాని చోటును ఆక్రమించడం. వీటిలో ముదిత, అంటే మరొకరి గెలుపు చూసి సంతోషించగలగడం, ప్లేస్‌మెంట్ల కాలంలో అన్నిటికన్నా కష్టమైనది. ఈ సాధనకు తరగతి గది ఒక్కటే చాలదు. వేర్వేరు ఊళ్లవారికి, వేర్వేరు భాషలవారికి ఒకే గది కేటాయించడం, ప్రాజెక్టు జట్లను విద్యార్థుల ఇష్టానికి వదిలేయకుండా ప్రతి సెమిస్టరూ కలిపి వేయడం, కమిటీల్లో ఎప్పుడూ మాట్లాడే నలుగురికి బదులు వంతులవారీగా అందరినీ కూర్చోబెట్టడం లాంటివి దానికి అవసరమైన దినచర్య.