ఒట్టు పెట్టించకు

చిరంజీవి నానికి,

నీ గదిలో కుర్రాడు రోజూ తాగుతున్నాడనీ, దానికి గంజాయి తోడైందనీ, అమ్మ మీద ఒట్టు పెట్టి కూడా తప్పాడనీ రాశావు. "వాడికి సిగ్గులేదు పెదనాన్నా" అన్నావు. ఆ మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది.

2020 జులై ఆఖరున మన ప్రకాశం జిల్లా కురిచేడులో జరిగింది గుర్తు తెచ్చుకో. కరోనా కట్టడిలో మద్యం దుకాణాలు మూసేశారు. చేతులకు రాసుకునే శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయారు. అది తాగేది కాదని వాళ్ళకు తెలియదా? రుచి కోసం దాన్ని ఎవరూ నోట పెట్టరు. ఇష్టం చచ్చిపోయాక కూడా యావ బతికే ఉంటుందనడానికి ఇంతకంటే సాక్ష్యం నాకు అక్కర్లేదు.

జువాలజీ చెప్పి రిటైరైనవాణ్ని, కొంచెం వివరంగానే రాస్తాను. మొదట్లో మద్యం తాగితే డోపమైన్ పెరిగి, మెదడు లోతున ఉండే స్ట్రయేటమ్ కింది భాగానికి "ఇది మళ్ళీ కావాలి" అని నేర్పుతుంది. అప్పటికింకా తాగాలో వద్దో మనిషే తేల్చుకుంటాడు. ఏళ్ళు గడిచేకొద్దీ పెత్తనం స్ట్రయేటమ్ పై భాగానికి, అంటే అలవాట్లను నడిపే చోటికి మారుతుంది. ఇక ఆలోచనతో పనిలేదు. పొద్దు వాలింది, ఆ సందు మలుపు కనబడింది, కాళ్ళు అటే పోతాయి. వానాకాలం నల్లరేగడిలో బండి చక్రం గాడిలో పడితే ఎడ్లను ఎంత అదిలించినా పక్కకు రాదు చూడు, అలాగన్నమాట. ఆగమని చెప్పాల్సింది నుదుటి వెనక ఉండే భాగం. అది పూర్తిగా ఎదగడానికి పాతికేళ్ళు పడుతుంది. మీకింకా ఇరవై నిండలేదు.

మద్యం మెదడును నెమ్మదింపజేసే గాబా అనే రసాయనానికి బలమిస్తుంది, ఉరకలెత్తించే గ్లూటమేట్‌ను అణిచిపెడుతుంది. రోజూ తాగేవాడి మెదడు దానికి ఎదురుగా సర్దుకుంటుంది. ఒక్కసారిగా మానేస్తే ఆ ఎదురు బలమే మిగులుతుంది: చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు, కొందరికి ఫిట్స్ వస్తాయి, లేనివి కనబడతాయి, ప్రాణం కూడా పోవచ్చు. పొద్దున్నే తాగేవాడు చాలాసార్లు సంతోషం కోసం తాగడు, వణుకు ఆపుకోవడానికి తాగుతాడు.

గంజాయి సంగతి వేరు. "ఆకేగా" అని మీ హాస్టళ్ళలో అనుకుంటారట. అందులోని టీహెచ్‌సీ అతుక్కునే గ్రాహకాలు అలవాట్లు నడిపే చోటా, జ్ఞాపకాన్ని చూసుకునే హిప్పోకాంపస్‌లోనూ దట్టంగా ఉన్నాయి. రోజూ పీలిస్తే అవి తగ్గిపోతాయి. మానగానే చిరాకు, ఆకలి లేకపోవడం, కలత నిద్ర. అయితే మానేసిన నెల రోజుల్లో ఆ గ్రాహకాలు చాలావరకు తిరిగొస్తాయి. ఈ మాట వాడికి తప్పకుండా చెప్పు.

అసలు అమ్మకమే ఆపేస్తే సరిపోదా అంటావేమో. పక్కనున్న నెల్లూరు జిల్లా దూబగుంటలో 1990ల మొదట్లో ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారు. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో మద్యనిషేధం ఎత్తేశారు. ఆ తల్లులకు చేతులెత్తి మొక్కుతాను. కానీ దుకాణం మూసినంత మాత్రాన తలలో పడిన గాడి పూడదు. మూసిన రోజే వైద్యం కూడా అందాలి. కురిచేడులో అదే కరువైంది.

కాబట్టి వాడిచేత మళ్ళీ ఒట్టు పెట్టించకు. గదిలో పెట్టి తాళం వేసి మాన్పించే పని అసలే వద్దు, ఫిట్స్ వస్తే మీవల్ల కాదు. గుంటూరు పెద్దాసుపత్రి మానసిక వైద్య విభాగంలో చూపిద్దాం. వణుకు తగ్గడానికి మాత్రలిస్తారు, బి1 విటమిన్ ఇస్తారు. తరవాత యావ తగ్గించే నాల్‌ట్రెక్సోన్ లాంటివీ ఉన్నాయి. రావడానికి జంకితే ముందు 14416 టెలీ మానస్‌కు ఫోన్ చేయమను, తెలుగులోనే మాట్లాడతారు.

నువ్వూ ఒకసారి పీల్చానని దాచకుండా రాశావు. సంతోషం. మళ్ళీ ముట్టుకోకు నాన్నా.

సోమవారం గుంటూరు మిర్చి యార్డుకు కాయ తెస్తున్నాను. కాటా కాగానే ఆసుపత్రికి వస్తాను. ఓపీ వేళకు వాణ్ని తీసుకుని అక్కడ ఉండు.

నీ పెదనాన్న