ఇనుప కమాను

హైదరాబాద్ పడమటి అంచున, ఒకప్పుడు రాళ్ళ గుట్టలుండిన చోట ఒక కాలనీ, దాన్ని ఆనుకుని ఒక బస్తీ ఉండేవి. కాలనీ వీధి వెడల్పు ముప్పై అడుగులు, బస్తీ గల్లీ ఇరవై. రెండిటి వెనకా ఒకే ఖాళీ జాగా, ఎకరం ఉంటుంది. ఆ జాగాలో ఒక ఏడాది అపార్టుమెంటు పని మొదలైంది. మూడు సెల్లార్ల తవ్వకం. మొదటిరోజు ప్రొక్లెయిన్ వచ్చినప్పుడు పిల్లలు గోడలెక్కి చూశారు. పదోరోజుకు కాలనీలో అందరూ కిటికీలు మూసుకున్నారు.

టిప్పర్లు తెల్లవారుజామున నాలుగున్నరకే మొదలయ్యేవి. వంటింటి అలమరలో స్టీలు గ్లాసులు ఒకదానికొకటి తగిలి మోగేవి. ఆరేసిన బట్టలు సాయంత్రానికి ఎర్రబడేవి. నాలుగో ఇంటి కోడలు రోజూ ఐదింటికి వాకిలి ఊడ్చి, కళ్ళాపి చల్లి, చుక్కల ముగ్గు పెట్టేది. ఆమె లేచి నడుం సర్దుకునేలోపే టిప్పర్ వచ్చేది. వెనక చక్రాలు ముగ్గు మీదుగా పోతే పిండి టైరుకు అంటుకుని, ఆ టైరు తిరిగిన మేరకల్లా వీధి మలుపు దాకా తెల్లటి మచ్చలు పడేవి. నెల తిరిగేసరికి ఆమె ముగ్గు పెట్టడం మానేసింది.

కాలనీ పెద్దలు సమావేశమయ్యారు. వాళ్ళలో ఒక విశ్రాంత ఓవర్‌సీర్ ఉన్నాడు. ముప్పై ఏళ్ళు రోడ్లు వేయించిన మనిషి. ఆయన నోటుపుస్తకం తెరిచాడు.

"ఎకరం అంటే సుమారు నాలుగు వేల చదరపు మీటర్లు. పది మీటర్ల లోతు తవ్వితే నలభై వేల ఘన మీటర్ల మట్టి, రాయి. టిప్పర్‌కు పదేసి ఘన మీటర్లు వేసుకున్నా నాలుగు వేల ట్రిప్పులు. పోను, రాను కలిపితే ఎనిమిది వేలు. ఇవి తవ్వకానికే. తర్వాత సిమెంటు, ఇనుము, రెడీమిక్స్ లారీలు వేరే. పది టైర్ల బండికి చట్టం ఒప్పుకునే మొత్తం బరువు ఇరవై ఎనిమిదిన్నర టన్నులు. అంతకు మించి నింపుతున్నారేమో కాంటా వేయించి చూడాలి. ఇరుసు మీద బరువు రెట్టింపైతే రోడ్డుకు దెబ్బ రెట్టింపు కాదు, దాదాపు పదహారింతలు. అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రంలో 1958 నుంచి 1960 దాకా రోడ్ల మీద లారీలు తిప్పి తిప్పి తేల్చిన లెక్క ఇది. మన వీధి దీనికోసం వేసింది కాదు. వేళ, బరువు, దారి, ఈ మూడింటికీ కట్టడి అడుగుదాం."

"ఆ లెక్కలన్నీ ఎందుకండీ, దారి మూసేస్తే పోలా?" అన్నాడు కార్యదర్శి.

ఆ మాట అందరికీ నచ్చింది. ఇంటికింత చొప్పున చందా వేసి, వీధి మొదట్లో ఏడడుగుల ఎత్తున ఇనుప కమాను నిలబెట్టారు. కార్లు దూరతాయి, టిప్పర్లు దూరవు. మర్నాడు తెల్లవారుజామున వచ్చిన మొదటి టిప్పర్ కమాను ముందు ఆగింది. రెండు నిమిషాలు హారన్ కొట్టి, వెనక్కి తిప్పుకుని పోయింది. కాలనీలో ఆ రోజు లడ్డూలు పంచారు.

ఓవర్‌సీర్ లడ్డూ చేతిలో పట్టుకుని ఒక్కటే అడిగాడు. "ఆ బండి ఎటు పోయింది?"

ఎవరూ జవాబు చెప్పలేదు. అందరికీ తెలుసు.

బస్తీ గల్లీలో ఆ రోజు నుంచి మంచాలు ఇళ్ళలోపలికి పోయాయి. అరుగుల మీద కూర్చునే ముసలివాళ్ళు గోడలకు అతుక్కుని నిలబడ్డారు. నడిచే పిల్లల్ని కూడా తల్లులు చంకనెత్తుకున్నారు. బస్తీవాళ్ళూ మునిసిపల్ ఆఫీసుకు వెళ్ళి, బండ్లను కాలనీ వైపు మళ్ళించమని అర్జీ పెట్టారు. అంతకు ముందు కాలనీ పెట్టిన అర్జీలో బస్తీ వైపు మళ్ళించమని ఉంది. రెండు కాగితాలూ ఒకే ఫైలులో ఒకదాని మీద ఒకటి పడుకున్నాయి.

కమాను పెట్టిన పదమూడో రోజు కాలనీలో నీళ్ళు వదిలే వంతు. ఆరింటికి నల్లాలు విప్పితే బుస్సుమని గాలి వచ్చింది. ఏడింటికి మట్టిరంగు నీళ్ళు చెంబెడు వచ్చి ఆగిపోయాయి. లైన్‌మన్‌ను పిలిపించారు.

"నన్నడిగితే ఏం లాభం సార్," అన్నాడతను. "మీ లైను బస్తీ కిందికెల్లే వస్తది. టిప్పర్ల బరువుకు అక్కడ పైపు పగిలింది."

ఇల్లు కట్టుకుని పదిహేనేళ్ళయినా కాలనీ పెద్దల్లో చాలామంది బస్తీలో అడుగుపెట్టడం అదే మొదటిసారి. గల్లీ నడుమ సిమెంటు రోడ్డు పెంకులా విరిగి లోపలికి కుంగింది. ఆ గుంతలో టిప్పర్ వెనక చక్రం దిగబడి ఉంది. మంజీరా నీళ్ళు ఎర్రమట్టితో కలిసి మోరీలోకి పారుతున్నాయి. వాటి పక్కనే ఖాళీ బిందెలు వరసగా ఉన్నాయి. చక్రం దగ్గర డ్రైవర్ తలపట్టుకుని కూర్చున్నాడు.

బిందెల దగ్గరున్న ఒకామె కార్యదర్శిని చూసి లేచింది. "మీ గల్లీకి అడ్డం కట్టిండ్రు, మా మీదికి తోలిండ్రు. ఇయ్యాల మీ నల్లా ఎండినంక వచ్చిండ్రా సారూ? మా గోడలు అదిరిన దినం ఒక్కరన్న వచ్చిండ్రా?"

కార్యదర్శి తల దించుకున్నాడు. ఓవర్‌సీర్ డ్రైవర్ పక్కన కూర్చుని, ఇంత తెల్లవారుజామున, ఇంత వేగంగా ఎందుకు తోలుతున్నావయ్యా అని అడిగాడు.

"ట్రిప్పుకింత అని ఇస్తరు సార్. దినానికి ఎన్ని కొడితే అన్ని పైసలు. నెమ్మదిగ తోలితే కిస్తీ కట్టుడెట్ల? మాకు పిల్లలు లేరా, మాకు భయం లేదా?"

ఆ సాయంత్రం పోచమ్మ గుడి ముందు కాలనీ, బస్తీ కలిసి కూర్చున్నాయి. మొదట మాటలు తూలాయి. చీకటి పడేసరికి చల్లబడ్డాయి. అప్పుడు బస్తీలోని ఒక ముసలాయన, ఎవరూ అనుకోని మాట చెప్పాడు. ఆ ఎకరం జాగాకు వెనకనుంచి పాత బండ్ల బాట ఉంది. అది నేరుగా పెద్ద రోడ్డెక్కుతుంది. అయితే మొరం పోసి గట్టి చేయాలి. దానికి ఖర్చవుతుంది కనుక బిల్డరు ఆ దారి ఊసెత్తలేదు. అటు కాలనీ, ఇటు బస్తీ తిట్టుకుంటున్నంతకాలం ఎత్తాల్సిన అవసరమూ అతనికి రాలేదు.

రెండు వీధులూ కలిసి ఒకే కాగితం రాశాయి. బిల్డరు తన ఖర్చుతో వెనక బాట వేసుకోవాలి. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా, బడి పిల్లలు నడిచే వేళల్లోనూ బండ్లు తిరగకూడదు. ప్రతి బండికీ కాంటా చీటీ ఉండాలి. మట్టి మీద పట్టా కప్పాలి, గేటు దాటేముందు టైర్లు కడగాలి. పగిలిన పైపు, కుంగిన రోడ్డు బిల్డరే బాగు చేయించాలి. డ్రైవర్లకు ట్రిప్పు లెక్కన కాక రోజు కూలి ఇవ్వాలి.

ఆ కాగితం పట్టుకుని ఇరవై మంది ట్రాఫిక్ పోలీసుల దగ్గరికీ, మునిసిపల్ ఆఫీసుకూ, ఆర్డీవో దగ్గరికీ నాలుగుసార్లు తిరిగారు. ఒక అధికారి ఫైలు తెరిచి పాత అర్జీలు రెండూ పక్కన పెట్టాడు. "ఇన్నాళ్ళూ ఒకరు అటు పంపమన్నారు, ఒకరు ఇటు పంపమన్నారు. ఎవరి మాట విన్నా ఇంకొకరికి అన్యాయం. ఇప్పుడు మీరడిగింది కాదనడానికి నా దగ్గర కారణం లేదు," అన్నాడు.

అడిగినవన్నీ రాలేదు. రోజు కూలి మాట బిల్డరు ఒప్పుకోలేదు. కానీ వెనక బాట పడింది, వేళలు ఖాయమయ్యాయి, పైపు మారింది. కమాను కోసి, ఆ ఇనుముతోనే రెండు వీధుల మొదట్లో రెండు బోర్డులు నిలబెట్టారు. రెండిటి మీదా అవే వేళలు రాశారు. టిప్పర్లు ఆగలేదు, అపార్టుమెంటు లేవడమూ ఆగలేదు. నాలుగో ఇంటి కోడలు మళ్ళీ ముగ్గుపిండి డబ్బా తీసింది.

నీతి: పక్కవాడి వాకిట్లోకి నెట్టిన బరువు తగ్గిన బరువు కాదు. అది చుట్టూ తిరిగి మన ఇంటికే వస్తుంది.

ఊళ్ళు పెరుగుతున్నాయి. ఇళ్ళు కట్టాలి, మట్టి కదలాలి, లారీలు తిరగాలి. మనమున్న ఇళ్ళకు కూడా ఒకనాడు ఎవరి వీధిలోంచో ఇసుక, ఇటుక వచ్చాయి. కాబట్టి లారీ అసలు రాకూడదనడం న్యాయం కాదు. ఎవరి లాభం కోసం ఆ బరువు వచ్చిందో వాళ్ళే దాని ఖర్చు మోయాలనడం న్యాయం. బిల్డరు మొరం ఖర్చు మిగుల్చుకుంటే, ఆ మిగులు ఒకరి నిద్రలోంచి, ఒకరి గోడలోంచి, ఒకరి నల్లాలోంచి వచ్చినట్టే.

ఇలా అడిగేవాళ్ళకు చట్టం అండ ఉంది. 1988 మోటారు వాహనాల చట్టం 115వ సెక్షన్ కింద ప్రజల భద్రత కోసం ఒక రోడ్డు మీద ఫలానా బండ్లు తిరగకుండా కట్టడి చేయవచ్చు. అధిక బరువుకు 194వ సెక్షన్ 20,000 రూపాయల జరిమానా, పైబడిన ప్రతి టన్నుకూ 2,000 చెబుతోంది. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్ళు దాటకూడదంటున్నాయి. మధ్యప్రదేశ్‌లోని రత్లాంలో మురికి కాలువల కంపు భరించలేక వీధి జనం మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్ళారు. మునిసిపాలిటీ డబ్బు లేదంది. 1980లో సుప్రీంకోర్టు ఆ సాకు చెల్లదని తేల్చింది. ఆ జనం ఆసరా చేసుకున్న సెక్షనే ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 152వదిగా ఉంది.

చట్టం ఉన్నా, దాన్ని పట్టుకునే చేతులు విడివిడిగా ఉంటే అది ఫైలులోనే ఉంటుంది. మీ వీధిలోకి రేపు టిప్పర్ వస్తే కమానుకు చందాలు వేయకండి. డ్రైవర్ మీద చేయెత్తకండి. ముందు పక్క గల్లీకి నడిచి వెళ్ళి, అక్కడివాళ్ళతో కూర్చుని, ఇద్దరూ కలిసి ఒకే కాగితం రాయండి.